తిని రావాలా, తినకుండా రావాలా

మా నాన్నగారు నా ఉద్యోగాన్ని ఇంతవరకు దాని పేరుతో పిలవలేదు. "ఆ ఆసుపత్రి పని" అంటారు. ఆయన ఘనాపాఠి. మా వీధిలో ఇప్పటికీ పొద్దున్నే రెండు మూడిళ్ళలోంచి వేదం వినిపిస్తుంది. అలాంటి ఇంట్లో పుట్టిన ఆడపిల్ల అమలాపురంలో బ్లడ్ బ్యాంకు టెక్నీషియనుగా చేరడమంటే ఆయనకి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇన్నేళ్ళయినా సాయంత్రం నేను గేటు తీయగానే అరుగు మీంచే "నూతి దగ్గరకి వెళ్ళు" అంటారు. వెళ్తాను. తలమీంచి నీళ్ళు పోసుకున్నాకే కాఫీ. కోపం రాదా అంటే వస్తుంది. కానీ ఆ కాఫీ ఆయనే కలిపి ఉంచుతారు కాబట్టి, గ్లాసు చేతికందేసరికి పోతుంది.

నాకు కాస్త గొప్పలు చెప్పుకునే అలవాటుంది. నోరు కూడా పెద్దదే. రక్తం ఇమ్మని అడగడానికి అలాంటి నోరే కావాలి. అడగందే అమ్మయినా పెట్టదు అంటారు, ఇక ముక్కూమొహం తెలియనివాడు నెత్తురెందుకిస్తాడు? పెళ్ళిళ్ళలో అడిగాను, బస్టాండులో అడిగాను, నన్ను చూడటానికొచ్చిన పెళ్ళికొడుకుల్ని కూడా గ్రూపేమిటని అడిగాను. వాళ్ళలో ఒకాయన ఇప్పటికీ వచ్చి రక్తం ఇచ్చి వెళ్తాడు. పెళ్ళి మాత్రం కుదరలేదు.

ఇప్పుడు చెప్పబోయేది నేను అన్నిటికన్నా ఎక్కువ గర్వపడే రోజు గురించి. అందులో నా గొప్ప కొంతే. మిగతాదంతా ఐ.పోలవరం వైపు ఒక ఊళ్ళో ఉండే ఆడవాళ్ళది.

మా జిల్లాలో గొడవలు జరిగిన రోజులవి. ఎవరికీ ఎవరికీ, ఎందుకూ అన్నది రాయను. రాస్తే చదివేవాళ్ళు కూడా ఇటు కొందరు, అటు కొందరు అయిపోతారు. అప్పటికే అలా అయి చాలా పోగొట్టుకున్నాం. కొట్లన్నీ మూసేశారు. బస్సుల్లేవు. కొబ్బరికాయల లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఇంటర్నెట్ ఆపేశారు. వేరే జిల్లాలనుంచి వచ్చిన పోలీసులు హెల్మెట్లు పెట్టుకుని ప్రతి వంతెన దగ్గరా నిలబడ్డారు. నలుగురికి మించి ఒకచోట చేరకూడదని మైకులో చెప్పుకుంటూ జీపు తిరిగేది.

వీడియోలు చూసి కుర్రాళ్ళని పట్టుకెళ్తున్నారని ఊరూరా పాకింది. తప్పు చేసినవాడు ఎలాగూ దాక్కున్నాడు. చెయ్యనివాడు మీసం వచ్చిన పాపానికి దాక్కున్నాడు. మాకు రక్తం ఇచ్చేది ఆ వయసు కుర్రాళ్ళే. రోడ్డు మీద పాతికేళ్ళ మగపిల్లవాడు కనపడకపోతే నా ఫ్రిజ్జు ఖాళీ అయిపోతుందని ఆ వారంలోనే నాకు తెలిసింది. ప్రమాదాలు, కాన్పులు మాత్రం గొడవలున్నాయని ఆగవు కదా.

ఆ రోజు పొద్దున్న మా డాక్టరుగారు తనే మెట్లు దిగి వచ్చారు. ఆవిడ కిందికి వచ్చారంటే విషయం ముదిరిందని అర్థం. తెల్లవారుజామున తొలికాన్పయిన ఒక అమ్మాయికి రక్తస్రావం ఆగడం లేదు. గ్రూపు ఓ నెగటివ్. ఆ గ్రూపు మనిషికి ఆ గ్రూపు రక్తమే ఎక్కించాలి, వేరే దారి లేదు. మా దగ్గర ఉన్న ఒక్క బ్యాగూ అప్పటికే పైకి పంపేశాను.

"ఇంకోటి కావాలి. ఆలస్యమైతే నేను చెయ్యగలిగింది ఉండదు" అన్నారావిడ.

కాకినాడకి ఫోన్ చేశాను. ఉంది, పంపుతామన్నారు, కానీ దారిలో ఎన్నిచోట్ల ఆపుతారో తెలియదు, సాయంత్రమవుతుందన్నారు. మా దాతల వాట్సాప్ గ్రూపు నెట్ లేక చచ్చిపడి ఉంది. మామూలు ఫోన్లు మాత్రం పనిచేస్తున్నాయి. ఓ నెగటివ్ అని నాకు తెలిసినవాళ్ళలో ఒకాయన హైదరాబాదులో ఉన్నాడు, ఇంకొకాయన ఈమధ్యే ఇచ్చాడు. ఇక మిగిలింది ఐ.పోలవరం అవతల రొయ్యల చెరువుల మీద పనిచేసే ఒక కుర్రాడు. అతని ఫోను ఆపేసి ఉంది.

ఇక్కడొక మాట చెప్పాలి. కోనసీమలో ఊరు, ఇంటిపేరు చెబితే మిగతాది ఎవరూ అడగక్కర్లేదు. పైన మంచం మీద ఉన్న అమ్మాయిది ఆ గొడవలో ఏ వైపో ఆమె పేరు చూడగానే నాకు తెలిసింది. ఈ కుర్రాడిది రెండోవైపు.

వాళ్ళ ఊరి ఆశా కార్యకర్త నాకు తెలుసు. ఆవిడకి ఫోన్ చేస్తే, నడుచుకుంటూ వెళ్ళి కుర్రాడి తల్లికి ఫోనిచ్చింది.

"అమ్మా, అమలాపురం బ్లడ్ బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానండీ. మీ అబ్బాయి ఇదివరకు మా దగ్గర రక్తం ఇచ్చాడు."

"ఆయ్, తెలుసండి. మావోడు ఇంటికాడ లేడండి."

"ఎక్కడున్నాడని నేనడగడం లేదమ్మా. ఇక్కడొకరికి ప్రాణం మీదకొచ్చింది. మీవాడి రక్తమే సరిపోతుంది. ఇంకెవరూ దొరకలేదు."

ఫోన్లో వెనకాల కోడిపిల్లలు అరుస్తున్నాయి.

"ఎవరికండీ?"

"చెప్పకూడదమ్మా. ఆడమనిషి. తెల్లవారుజామున కాన్పయింది. అంతవరకే చెప్పగలను."

"మావోళ్ళాండీ, ఆళ్ళాండీ?"

"మీవాళ్ళే" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలిక! ఎవరొచ్చి తేల్చుకుంటారు? ప్రాణం కోసం ఆడే అబద్ధానికి దోషం లేదని మా నాన్నగారే శ్లోకం చదివి మరీ చెబుతారు. కానీ నేను ఆ గదిలో ఇన్నేళ్ళు పనిచేశాను. నా ఫ్రిజ్జులో ఉన్న బ్యాగు మీద గ్రూపు ఉంటుంది, నంబరుంటుంది, తేదీ ఉంటుంది. ఎవరివాళ్ళన్నది ఉండదు. ఒక్కసారి "మీవాళ్ళే" అన్నానంటే, రేపటినుంచి ప్రతి బ్యాగు మీదా ఆ మాట నా చేత్తో నేను అతికించినట్టే.

"చెప్పనమ్మా" అన్నాను.

"అయితే ఆళ్ళేనన్నమాటండి."

"అదీ చెప్పను. మీవాళ్ళయినా ఇదే మాటంటాను. రేపు మీకే అవసరమొచ్చి ఇంకొకరిని అడిగినా మీ పేరు చెప్పను."

"మా వోణ్ణి పోలీసులు పట్టుకుపోతేనండి? ఆడేమీ చెయ్యలేదండి. చెరువు గట్టు దాటలేదండి ఆడు."

"నేను మాటిస్తున్నాను. సాయంత్రానికి నేనే తీసుకొచ్చి మీ గుమ్మంలో దింపుతాను."

ఆ మాటివ్వడానికి నేనెవర్ని? కలెక్టర్నా, ఎస్పీనా? అయినా ఇచ్చేశాను. ఆ తల్లి కాదంటే తప్పుపట్టేవాళ్ళెవరూ లేరు. నేనూ పట్టలేను.

"తిని రావాలాండీ, తినకుండా రావాలా?" అందావిడ.

రెండోవైపు మనిషికేనని ఆవిడకి దాదాపు అర్థమైంది. అయినా ఆ తర్వాత ఆవిడ అడిగింది ఆ ఒక్క మాటే.

"తినే రావాలమ్మా. ఖాళీ కడుపుతో రాకూడదు. ఇచ్చాక కూడా ఏదైనా తినాలి, బాగా తాగాలి" అన్నాను.

కోనసీమలో పుట్టి పెరిగి, కోనసీమ తల్లితో అలాంటి మాట అనొచ్చా! ఇక్కడ మందులషాపుకి వెళ్తున్నవాణ్ణి కూడా ఆపి, కాస్త ఏదైనా నోట్లో వేసుకెళ్ళమంటారు. అలాంటి చోట "బాగా తిని రావాలి" అని ఆసుపత్రివాళ్ళే చెప్పారంటే, ఇంకేముంది.

మామూలుగా ఆ ఊరినుంచి ఆటోలో రావడానికి గంటో, గంటన్నరో పడుతుంది. రెండు గంటలు దాటినా కుర్రాడి జాడ లేదు. డాక్టరుగారు పైనుంచి ఫోన్ చేస్తూనే ఉన్నారు. "బీపీ పడిపోతోంది. వచ్చాడా?" రాలేదండీ. "ఎక్కడున్నాడు?" తెలియదండీ. ట్రేలో సూది, బ్యాగు, దూది సర్ది పెట్టుకుని వాకిట్లోకీ లోపలికీ తిరుగుతున్నాను. ఇంతలో వంతెన దగ్గర చెక్‌పోస్టు నుంచి ఫోన్.

"మేడం, మీ ఆసుపత్రిలో రక్తం ఇవ్వడానికట. ఇదేంటి, ఊరేగింపా?"

తెల్లకోటు తగిలించుకుని ఆసుపత్రి జీపెక్కాను. వంతెన దగ్గరకి చేరేసరికి నాకు నోట మాట రాలేదు. నా విషయంలో అది వింతే.

రోడ్డు పొడుగునా ఆటోలు. ఒక్కో ఆటోలో ముగ్గురు ఆడవాళ్ళు, డ్రైవరుతో నలుగురు. ఒక ఆటోకీ ఇంకో ఆటోకీ మధ్య కరెంటు స్తంభానికీ స్తంభానికీ ఉన్నంత ఎడం. ప్రతి ఒడిలోనూ ఒక క్యారేజీ. వెనకాల తాళ్ళతో కట్టిన కొబ్బరి బొండాలు. ఒక్కరూ దిగలేదు. దిగితే నలుగురి కంటే ఎక్కువవుతారని.

"మైకులో చెప్పేరు కదండీ, నలుగురు దాటకూడదని. లెక్క ప్రకారమే వచ్చేవండి" అంది మొదటి ఆటోలో పెద్దావిడ చాలా మర్యాదగా. "ఒక్కణ్ణే పంపితే పట్టుకుపోతారేమోనని తోడొచ్చేవండి. ఇంతమందిమి చూస్తుండగా ఎలా పట్టుకెళ్తారండీ?"

కుర్రాడు మధ్యలో ఒక ఆటోలో, తల్లికీ పిన్నికీ నడుమ నక్కి ఉన్నాడు. దవడ ఆడుతోంది. అప్పుడు కూడా ఏదో నములుతున్నాడు! ఆలస్యమెందుకైందో అప్పుడే తెలిసింది. బయల్దేరేముందు ఇంట్లో తిన్నాడు. ముమ్మిడివరంలో మేనత్త రోడ్డు మీదకొచ్చి ఆటో ఆపి, లోపలికి తీసుకెళ్ళి, ఇడ్లీ పెట్టి, నెయ్యి వేసి మరీ పంపింది. ఆ పక్కింటావిడ పులిహోర తెచ్చింది. రక్తం ఇచ్చేవాడు కదా, నీరసమొస్తుందని.

"అక్కడ ప్రాణం పోతుంటే ఇక్కడ నీకు పెళ్ళివిందు జరుగుతోందా?" అని అరిచాను. "అంతేసి నెయ్యి తింటే రక్తంలో తెల్లగా తేలుతుందిరా నాయనా!" కుర్రాడు నమలడం ఆపేశాడు. మింగాలో ఉమ్మాలో తెలియక నా వంక చూశాడు.

అక్కడున్న ఎస్సై వేరే జిల్లా మనిషి. చిన్నవాడే. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆడవాళ్ళని పంపేస్తాం మేడం. ఈ అబ్బాయి స్టేషనుకి రావాలి. వీడియోల్లో ఉన్నాడో లేదో చూసి వదిలేస్తాం" అన్నాడు.

ఆటోలో ఆ తల్లి చెయ్యి కొడుకు మోకాలి మీద బిగుసుకుంది. ఆవిడ ఎస్సై వంక చూడలేదు. నా వంకే చూసింది. మాటిచ్చింది నేను కదా.

"సార్, మీరు చూసి వదిలేసరికి అక్కడ మనిషుండదు" అన్నాను. "వీడి మొహం సాయంత్రం కూడా వీడిదే. ఎక్కడికీ పోడు. నా మంచం మీద పడుకుని ఉంటాడు, చేతికి సూదుంటుంది. కావాలంటే మీ కానిస్టేబుల్ని పక్కన కూర్చోపెట్టండి. వీడు పారిపోతే నన్ను తీసుకెళ్ళి లోపల వెయ్యండి. మా నాన్నగారికి ఫోన్ చేసి చెప్పండి చాలు, ఆయన కాఫీ కలపకుండా ఉంటారు."

ఎస్సై నన్నూ, ఆటోల్నీ, బొండాల్నీ మార్చి మార్చి చూశాడు. "ఇంతకీ రక్తం ఎవరికి?" అన్నాడు.

"మీక్కూడా చెప్పనండి" అన్నాను.

ఆటోలోంచి నవ్వు వినిపించింది. ఆ తల్లి. "ఆవిడ చెప్పరండి బాబూ, నేనూ అడిగేను" అంది.

ఎందుకో తెలియదు, ఆ మాటతో ఎస్సై మొహం సడలింది. కానిస్టేబుల్ని పిలిచి జీపెక్కమన్నాడు. కుర్రాణ్ణీ తల్లినీ నా జీపులో ఎక్కించుకున్నాను. మేం కదులుతుండగా వెనకనుంచి పెద్దావిడ గొంతు వినపడింది. "మీరెప్పుడు తిన్నారు బాబూ? మొహాలు పీక్కుపోయున్నాయి. ఈ క్యారేజీలన్నీ మేవేం చేసుకుంటావండి?" ఎస్సై వద్దమ్మా, వద్దమ్మా అంటున్నాడు. మా జిల్లాలో ఆ మాట ఎవరి దగ్గరా చెల్లదని పాపం ఆయనకి తెలియదు.

కుర్రాడు మంచం మీద పడుకున్నాక గుసగుసగా, "అమ్మకి చెప్పకండేం, నాకు సూదంటే భయవండి" అన్నాడు. ఇన్నిసార్లు ఇచ్చినవాడు! "నేనెవరికీ ఏదీ చెప్పను, ఇప్పుడే ఊరంతా విన్నది కదా" అని పొడిచేశాను. నెయ్యి తేలింది కొంచెం, నిజమే. ఎర్రకణాలు మాత్రం బంగారంలా ఉన్నాయి. పరీక్షలన్నీ చేసి, ఆ అమ్మాయి రక్తంతో కలిపి చూసి, సరిపోయిందని తేలాక బ్యాగు నేనే తీసుకుని మెట్లెక్కాను. ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. నా చేతుల్లో అది ఇంకా గోరువెచ్చగా ఉంది.

వార్డు తలుపు దగ్గర ఆ అమ్మాయి భర్త తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బ్యాగు చూడగానే, "ఎవరిచ్చేరండీ?" అన్నాడు.

"చెప్పనండి."

"కాదండి, దణ్ణం పెట్టుకుందామనండి."

"ఇక్కణ్ణించే పెట్టండి, చేరుతుంది" అన్నాను. నిజంగానే పెట్టాడు, కారిడారులో, గోడకి.

మధ్యాహ్నం మూడింటికి డాక్టరుగారు ఫోన్ చేసి, "నిలబడింది" అన్నారు. ఆ ఒక్క ముక్క. నేను కుర్చీలో కూర్చుని, నా కోటు అంచుతోనే కళ్ళు తుడుచుకున్నాను. సాయంత్రానికి కాకినాడ బ్యాగు కూడా వచ్చింది. స్టేషనునుంచి కూడా కబురొచ్చింది, ఈ కుర్రాడి మొహం ఎక్కడా లేదని. ఉండదని వాళ్ళమ్మ పొద్దున్నే చెప్పింది.

మాట ప్రకారం వాళ్ళని గుమ్మం దాకా తీసుకెళ్ళాను. దారిలో మాటల్లో ఆవిడకి మా ఇంటి సంగతి తెలిసింది. "బొండాం అయితే తాగుతారు కదండీ, దానికి ఏ పట్టింపూ ఉండదు" అంది మొహమాటంగా. "బొండాం తర్వాత, ముందు అన్నం పెట్టండి. పొద్దుటినుంచి మీవాడు తినడమే కానీ నేను తినలేదు" అన్నాను. ఆవిడ నిలబడి వడ్డించింది. పనసపొట్టు కూర, చారు. అంత రుచిగా ఎప్పుడూ తినలేదని రాస్తే గొప్పకి రాసినట్టుంటుంది, కానీ తినలేదు.

ఇంటికి వచ్చి నాన్నగారికి జరిగిందంతా చెప్పాను, అన్నం తిన్న సంగతితో సహా. ఆ రోజంతా నన్ను అందరూ ఎవరికి, ఎవరిచ్చారు అనే అడిగారు. ఆయన మాత్రం "ఆ పిల్ల బతికిందా?" అన్నారు. బతికిందన్నాను. "మంచిది. నూతి దగ్గరకి వెళ్ళు" అన్నారు. ఆ రోజు కాఫీలో డికాక్షన్ ఎక్కువ వేశారు.

తర్వాత ఊరు మెల్లగా మామూలైంది. ఆటోలు తిరిగాయి, లారీలు కదిలాయి. పలకరింపులు కాస్త ఆలస్యంగా మొదలయ్యాయి.

కొన్ని నెలల తర్వాత ఆ కుర్రాడు మళ్ళీ రక్తం ఇవ్వడానికి వచ్చాడు. తల్లీ వచ్చింది, చేతిలో క్యారేజీ. వాణ్ణి లోపల పడుకోబెట్టి అద్దంలోంచి బయటకి చూశాను. మా ఎదుట బెంచీ మీద ఆవిడ పక్కనే, ఆ రోజు రక్తం ఎక్కించిన అమ్మాయి కూర్చుని ఉంది. డాక్టరుగారు రక్తపరీక్షకి రమ్మన్నారట. ఒళ్ళో బిడ్డ. లాబ్‌లోంచి పిలుపొచ్చింది. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, "పిన్నిగారూ, కాస్త పట్టుకుంటారాండీ, ఇప్పుడే వచ్చేస్తాను" అని బిడ్డని ఆవిడ చేతుల్లో పెట్టి వెళ్ళిపోయింది.

నా నోటి సంగతి చెప్పాను కదా. ఆ నోరు మూసుకుని నిలబడటం నా ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికన్నా కష్టమైన పని. చేశాను. అందుకు గర్వపడుతున్నాను.

ఆవిడ బిడ్డని భుజాన వేసుకుని మా తలుపు దగ్గరకి వచ్చింది. "మేడంగారూ, ఎన్ని నెలలుంటాయండీ దీనికి?"

"నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాను.

ఆవిడ బిడ్డ మొహంలోకి చూసింది. లోపల మంచం మీద, సూది వైపు చూడకుండా పైకప్పు వైపు చూస్తున్న కొడుకుని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను ట్రేలో దూది సర్దుకుంటున్నాను.

"ఆయ్," అంది. "చెప్పకండి."

అని బెంచీ దగ్గరకి వెళ్ళి కూర్చుని, ఫ్యాను గాలి ఎక్కువగా ఉందని బిడ్డ తల మీదకి తన పైట కొంగు లాగింది.